హెడ్ కటింగ్, పోర్టింగ్: ఇంట్లో చేసుకుంటే బండికి నిజంగా ఎంత వస్తుంది?

రావులపాలెం నుంచి అమలాపురం దాకా ఏ మెకానిక్ షెడ్డు దగ్గర పది నిమిషాలు కూర్చున్నా ఇప్పుడు ఒకటే గోల. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక మైలేజీ పడిపోయిందని ఒకరు, బండి లాగడం లేదని ఇంకొకరు. ఆ మాటల్లోంచే ఒక సలహా పుట్టింది: “ఈ20కి ఆక్టేన్ ఎక్కువంట కదా, హెడ్ అర మిల్లీమీటరు కోయించెయ్, పోయిందంతా తిరిగొచ్చేస్తుంది.” దీనికి తోడు ఇంటి అరుగు మీద కూర్చుని చేతి గ్రైండర్‌తో పోర్టులు అరగదీసే కుర్రాళ్ల వీడియోలు.

ఈ సలహా పూర్తిగా అబద్ధం కాదు, అందుకే జనం నమ్ముతున్నారు. ఇందులో నిజం పాలెంతో లెక్క కట్టి చూద్దాం. గుణకారం, భాగహారం వస్తే చాలు.

హెడ్‌లో ఏముంటుంది, ‘హెడ్ పని’ అంటే ఏది

పిస్టన్ ఆడే గొట్టమైన బోరు పైన మూతలా బిగించి ఉండే అల్యూమినియం దిమ్మే సిలిండర్ హెడ్. స్ప్లెండర్ లాంటి ఫోర్ స్ట్రోక్ బండిలో దీని అడుగున ఒక చిన్న గుంట ఉంటుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం మండేది అక్కడే. దాన్ని చాంబర్ అంటారు. చాంబర్‌లోకి రెండు దారులు తెరుచుకుంటాయి. కార్బ్యురేటర్ వైపు నుంచి మిశ్రమం వచ్చేది ఇన్‌టేక్ పోర్టు, కాలిన పొగ సైలెన్సర్ వైపు పోయేది ఎగ్జాస్ట్ పోర్టు. ఒక్కో దారి చివర ఒక్కో వాల్వు, అది కూర్చోవడానికి గట్టి లోహంతో చేసిన రింగు. ఆ రింగే వాల్వు సీటు.

షెడ్డులో ‘హెడ్ పని’ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పనులు కలిసిపోతాయి. సగం గందరగోళం ఇక్కడే. వేడికి వంకర పోయిన హెడ్ అడుగును చదును చేయడం ఫేసింగ్. ఇది రిపేరు, పవర్ కోసం కాదు. కావాలని ఎక్కువ లోహం కోసి చాంబర్‌ను చిన్నది చేయడం హెడ్ కటింగ్. దారుల ఆకారం మార్చడం పోర్టింగ్. వాల్వును సీటు మీద నూరి సందు లేకుండా కూర్చోబెట్టడం వాల్వు గ్రైండింగ్. ఒకాయన “హెడ్ పని చేయించా, బండి గుర్రంలా పోతోంది” అంటే, ఈ నాలుగింటిలో ఏది చేయించాడో అడగందే ఆ మాటకు అర్థం లేదు.

ఆర్ఎక్స్ 100 అభిమానులకు ఇక్కడ ఒక మాట. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఆ బండి టూ స్ట్రోక్. దాని హెడ్‌లో వాల్వులూ లేవు, పోర్టులూ లేవు. ప్లగ్గు, చాంబర్ గుంట, చుట్టూ రెక్కలు, అంతే. దారులన్నీ బోరు గోడల్లో ఉంటాయి. కాబట్టి “ఆర్ఎక్స్‌కి హెడ్ పోర్టింగ్ చేశాను” అని ఎవరైనా అంటే, చేసింది బోరుకైనా అయి ఉండాలి, చెప్పేది కోతలైనా అయి ఉండాలి. కింద చెప్పేదంతా ఫోర్ స్ట్రోక్ గురించే.

అర మిల్లీమీటరు కోస్తే ఎంత వస్తుంది

ముందు కంప్రెషన్ రేషియో అంటే ఏమిటో చూద్దాం. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు దాని పైన ఉండే మొత్తం ఖాళీని, పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీతో భాగిస్తే వచ్చే అంకె అది. 9 అంటే, తొమ్మిది గ్లాసుల మిశ్రమాన్ని ఒక్క గ్లాసులోకి కుక్కినట్టు.

స్ప్లెండర్ ఇంజన్ బోరు 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 49.5 మి.మీ. లెక్క కడితే 97.2 సీసీ. లెక్క సులువుగా ఉండటానికి కంప్రెషన్ 9 అనుకుందాం. 97.2ను 8తో భాగిస్తే పైన మిగిలే ఖాళీ 12.15 సీసీ. ఇప్పుడు హెడ్‌ను అర మిల్లీమీటరు కోశాం. బోరు వైశాల్యం 19.63 చదరపు సెంటీమీటర్లు, దాన్ని 0.05తో హెచ్చిస్తే దగ్గర దగ్గర 0.98 సీసీ. చాంబర్ అంచు బోరంత వెడల్పు ఉంటే ఖాళీ అంతమేర తగ్గుతుంది, చిన్నగా ఉంటే తగ్గుదల ఇంకా తక్కువ. మిగిలింది 11.17 సీసీ. కొత్త కంప్రెషన్ 9.7.

అంకె బాగానే పెరిగింది. మరి పవర్? ఇంజనీరింగ్ కుర్రాళ్లు చదివే ఒట్టో సైకిల్ (పెట్రోలు ఇంజన్ సామర్థ్యపు లెక్క) సూత్రంలో 9 వేస్తే సామర్థ్యం 58.5 శాతం, 9.7 వేస్తే 59.7 శాతం వస్తుంది. నిజం ఇంజన్ ఇందులో సగమే అందుకుంటుంది, కానీ ఇక్కడ మనకు కావాల్సింది పెరుగుదల. అది సుమారు 2 శాతం. 8 గుర్రాల (హార్స్ పవర్) ఇంజన్‌లో 2 శాతమంటే 0.16 గుర్రం. గుర్రం కాదు కదా, దాని తోక కూడా కాదు. పూర్తిగా ఒక మిల్లీమీటరు కోసినా కంప్రెషన్ పదిన్నర చేరుతుంది, లాభం 4 శాతం దాటి కొంచెం. నడిపేవాడు కడుపు నిండా తిని ఎక్కితే అందులో కొంత పోయే వ్యవహారం.

ఇది పైకి కనిపించే లెక్క. కనిపించనిది ఇంకొకటి ఉంది. స్ప్లెండర్‌లో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ హెడ్ పైనే ఉంటుంది, కింది నుంచి చైను దాన్ని తిప్పుతుంది. హెడ్ కోస్తే క్యామ్ ఆ మేరకు కిందికి దిగుతుంది. చైనులో వచ్చిన వదులును దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ లాగేసుకుంటుంది కానీ, క్యామ్ మాత్రం కాస్త వెనకబడి తిరుగుతుంది. వాల్వులు తెరుచుకునే సమయం ఆలస్యమవుతుంది. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఉన్న సందు కూడా తగ్గుతుంది. కోసింది హెడ్‌నే అయినా, మనకు తెలియకుండా టైమింగ్‌ను కూడా ముట్టుకున్నామన్నమాట.

ఈ20 ఈ లెక్కను ఎటు తిప్పుతుంది

ఆక్టేన్ అంటే పెట్రోలులోని బలం కాదు, ఓర్పు. ఎంత నొక్కినా ప్లగ్గు నిప్పు ఇచ్చేదాకా తనంతట తాను అంటుకోకుండా ఆగగలిగే గుణం. ఓర్పు తక్కువైన పెట్రోలును ఎక్కువ కంప్రెషన్‌లో పోస్తే మిశ్రమం దానంతట అది పేలుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని గోలీలు రాలినట్టు వినిపించే నాకింగ్ అదే. అది అలాగే సాగితే పిస్టన్ నెత్తి కరిగిపోతుంది.

మామూలు పెట్రోలుకు ఆక్టేన్ కనీసం 91 ఉండాలన్నది పాత లెక్క. ఈ20కి 95 అని ప్రభుత్వం చెబుతోంది. కాబట్టి కంప్రెషన్ కాస్త పెంచినా ఈ20 తట్టుకుంటుందన్న మాటలో తప్పు లేదు.

తప్పు రెండో సగంలో ఉంది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో సుమారు 21. పది శాతం కలిపినప్పుడు లీటరుకు 30.9, ఇరవై శాతం కలిపితే 29.8. అంటే ఈ10 నుంచి ఈ20కి మారినప్పుడు లీటరులో తగ్గింది 3.6 శాతం దాకా. అర మిల్లీమీటరు కోత వల్ల వచ్చేది 2 శాతం. పోయిందంతా తిరిగి రాదు, సగం కాస్త దాటి వస్తుంది. అది కూడా అన్నీ సవ్యంగా కుదిరితే.

పాత కార్బ్యురేటర్ బండికైతే ఇంకో చిక్కు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అంటే జెట్టు, అదే ఉంచి ఈ20 పోస్తే గాలి పాలు ఎక్కువై మిశ్రమం పలచనవుతుంది, ఇంజన్ వేడిగా నడుస్తుంది. రోహిణి కార్తెలో రాజమండ్రి ఎండకు అసలే కాగిపోయే గాలితోనే చల్లబడే ఇంజన్‌కి ఇది అదనపు మంట. ఇంజెక్షన్ ఉన్న బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను చాలావరకు సరిచేసుకుంటుంది.

పోర్టు సంగతి కాలువను అడిగితే చెబుతుంది

పోర్టింగ్ మీద ఉన్నంత అపోహ ఇంజన్‌లో మరి దేని మీదా లేదు. “దారి పెద్దదైతే గాలి ఎక్కువ వస్తుంది” అన్నది వినడానికి ఎంత బాగుంటుందో. డెల్టాలో పుట్టిన వాళ్లు మాత్రం దీన్ని నమ్మకూడదు, ఎందుకంటే రుజువు మన ఇంటి ముందే పారుతోంది.

ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి డెల్టా కాలువలకు ఒకటే జబ్బు, పూడిక. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున చూడండి. ఒండ్రు అంతటా సమానంగా ఉండదు. కాలువ వెడల్పైన చోట, నీళ్లు నెమ్మదించిన చోట మేట వేసి ఉంటుంది. ఇరుకుగా వడిగా పారిన చోట అడుగు శుభ్రంగా ఉంటుంది. నీటి వేగమే ఒండ్రును మోసుకెళ్తుంది, వేగం తగ్గితే దింపేస్తుంది. పంజాబ్ కాలువల మీద పనిచేసిన ఇంజనీరు ఆర్.జి. కెనెడీ 1895లో దీన్ని సూత్రంగా పెట్టాడు. ఒండ్రు దిగకుండా, అడుగు కోసుకుపోకుండా ఉండే వేగం ఒకటి ఉంటుందని.

ఇన్‌టేక్ పోర్టులో గాలి నీళ్లయితే, పెట్రోలు తుంపర ఒండ్రు. గాలి వేగంగా పోతే తుంపరను మోసుకెళ్లి చాంబర్‌లో కలియబెడుతుంది. నెమ్మదిస్తే తుంపర గోడలకు పట్టి చారికలుగా జారుతుంది. అది సరిగా మండదు.

అంకెల్లో చూద్దాం. మన 97 సీసీ ఇంజన్‌కు పోర్టు 20 మి.మీ. అనుకుందాం. 3000 ఆర్పీఎం (నిమిషానికి 3000 చుట్లు) దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 4.95 మీటర్లు. బోరు వైశాల్యం పోర్టుకు 6.25 రెట్లు, కాబట్టి పోర్టులో గాలి సగటున 31 మీటర్ల వేగంతో వస్తుంది. ఇప్పుడు ఉత్సాహం కొద్దీ పోర్టును 24 మి.మీ. చేశాం. వ్యాసం పెరిగింది నాలుగు మిల్లీమీటర్లే కానీ వైశాల్యం 44 శాతం పెరిగింది. గాలి వేగం 21.5కి పడిపోయింది. కాలువ వెడల్పు చేశాం, తలతూము మాత్రం అదే. ఇక్కడ తలతూము అంటే కార్బ్యురేటర్, ఆపైన ఎయిర్ ఫిల్టర్.

అదే 8000 ఆర్పీఎం దగ్గరైతే 20 మి.మీ. పోర్టులో సగటు వేగం 82 మీటర్లు. పెద్ద పోర్టు వాదం గెలిచేది ఈ కొసన. అంత వేగంలో గాలి రాపిడి, మలుపుల దగ్గర నష్టం బాగా పెరుగుతాయి, కాబట్టి రేసు బండికి పెద్ద దారి న్యాయమే. కానీ కాలవగట్టు మీద వెనక నాలుగు కొబ్బరి గెలలు కట్టుకుని మూడో గేరులో పోయే బండి ఆ అంకె ముఖం ఎప్పుడు చూస్తుంది? మన నేల బల్లపరుపు, మన రోడ్లు సన్నం. వాడకమంతా 3000, 5000 మధ్యే. పెద్ద పోర్టు దొంగిలించేది సరిగ్గా అక్కడి లాగుడునే.

అయితే పోర్టింగ్ అంతా దండగా? కాదు. తెలిసిన పనివాడు దారిని పెద్దది చేయడు, మలుపును సరిచేస్తాడు. గౌతమి ఒడ్డున లంకల్లో ఉండేవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. ఏరు మలుపు తిరిగినప్పుడు నీళ్లు బయటి ఒడ్డును కొట్టి కోసేస్తాయి, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. పోర్టు కూడా వాల్వు దగ్గరకొచ్చేసరికి ఒక్కసారిగా కిందికి తిరుగుతుంది. గాలి బయటి గోడను పట్టుకుని పోతుంది, లోపలి మలుపును అంటకుండా విడిపోతుంది. అక్కడ దారి ఉన్నా లేనట్టే. ఆ లోపలి మలుపును మెత్తగా గుండ్రం చేయడం, వాల్వు సీటుకీ అల్యూమినియానికీ మధ్య కంపెనీ మిషను వదిలేసిన గట్టును నున్నగా కలపడం, కార్బ్యురేటర్ గొట్టం పోర్టును కలిసే చోట అంచు తేడా ఉంటే తీసేయడం. అసలు పోర్టింగ్ ఇంతే. తీసే లోహం చిటికెడు, లాభమంతా ఆ చిటికెడు ఎక్కడ తీశారన్న దాంట్లో ఉంటుంది.

మరో ముచ్చట, అద్దంలా మెరిసే పాలిష్. ఎగ్జాస్ట్ వైపు నునుపు చేస్తే మసి త్వరగా పట్టదు, సరే. ఇన్‌టేక్ వైపు మెరుపు వల్ల గాలి పెరిగేదేమీ లేదు, నున్నటి గోడ మీద పెట్రోలు పొరలా అంటుకోవచ్చు కూడా. వీడియోలో ముఖం చూసుకోవడానికి మాత్రం బాగుంటుంది.

కంపెనీ ఇంజనీర్లకు ఇది తెలియదా

ఇక్కడ రెండు వర్గాలు. “కోట్లు పోసి తయారుచేసిన దాన్ని నువ్వు అరుగు మీద కూర్చుని బాగుచేస్తావా?” అంటారు ఒకరు. “కంపెనీ మైలేజీ కోసం, పొగ పరీక్ష కోసం ఇంజన్‌ను నొక్కిపెట్టింది, మేం విప్పుతున్నాం” అంటారు రెండోవాళ్లు.

ఇద్దరి మాటా కొంత కొంత నిజం. అచ్చుపోసిన హెడ్‌లు లక్షల్లో తయారవుతాయి, ఒక్కోదానికి మెరుగులు దిద్దుతూ కూర్చోరు. గట్లు, అంచు తేడాలు మిగలడం సహజం. అంటే బాగుచేయడానికి చోటు ఉంది. కానీ కంపెనీ వదిలిన చోటంతా చేతకాక వదిలింది కాదు. కల్తీ పెట్రోలు పోసినా, మే నెల మధ్యాహ్నం ముగ్గురెక్కినా, ఆయిలు మార్చకుండా నెలల తరబడి తిప్పినా పిస్టన్ పట్టేయకుండా ఉండటానికి పెట్టుకున్న జాగా అందులో చాలా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 లెక్కలు దీనికి అదనం. ట్యూనింగ్ అంటే ఆ జాగాలోంచి అప్పు తెచ్చుకోవడం. రేసుకి ఒకరోజు తిరిగే బండి ఆ అప్పు తీర్చగలదు. రోజూ పాలకొల్లు వెళ్లొచ్చే బండి సంగతి వేరు.

నా వరకు నాకు రెండో వర్గంతో ఉన్న పేచీ ఒకటే, కొలత. పోర్టు మారితే గాలి పెరిగిందా తగ్గిందా అన్నది ఫ్లో బెంచ్ మీద తేలాలి. 28 అంగుళాల నీటి మట్టమంత ఒత్తిడి తేడా పెట్టి, వాల్వు ఎంత తెరిస్తే ఎంత గాలి పోయిందో కొలుస్తారు. పవర్ ఎంతన్నది డైనో అనే కొలిచే మిషను మీద తేలాలి. అరుగు మీద ఈ రెండూ ఉండవు. ఉండేది చెవి. పోర్టింగ్‌తో పాటే సైలెన్సర్ కూడా మారుస్తారు కాబట్టి చప్పుడు పెరుగుతుంది, చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టే ఉంటుంది.

చేతిపని ఎక్కడ దెబ్బ తింటుంది

అద్దం పలక మీద ఎమెరీ పేపరు పరిచి హెడ్‌ను రుద్దడం పాత పద్ధతి. కాస్త వంకర పోయిన హెడ్‌ను చదును చేయడానికి అది పనికొస్తుంది. చాలా బళ్లకు కంపెనీ ఒప్పుకునే వంకర 0.05 నుంచి 0.1 మి.మీ. లోపే. కానీ అర మిల్లీమీటరు చేత్తో రుద్దితే, ఏ చెయ్యి బరువైతే ఆ వైపు ఎక్కువ అరుగుతుంది. హెడ్‌కీ బోరుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ ఒక మూల నొక్కుకుని, ఇంకో మూల ఊదేస్తుంది. ఆ పని మిల్లింగ్ మిషనుది.

గ్రైండర్ సంగతైతే, అల్యూమినియం వెన్నలా లేస్తుంది, పొరపాటున సీటును తాకితే ఆ గీత మీదుగా కంప్రెషన్ పోతుంది. తీసిన లోహం మళ్లీ అంటించలేం. అన్నిటికన్నా ఎక్కువ ఇంజన్లను తినేది మాత్రం పొడి. నాలుగు ఎమెరీ రేణువులు గైడు (వాల్వు కాడ ఆడే గొట్టం) సందులో మిగిలినా ఆయిల్లో కలిసి రింగులనూ బోరునూ గీరేస్తాయి. వెయ్యి కిలోమీటర్లు తిరక్కుండానే బండి నీలం పొగ వదులుతుంది, నింద ఆయిలు మీద పడుతుంది.

చెరువుల మీద ఏరియేటర్లు తిప్పే డీజిల్ ఇంజన్లకు, ట్రాక్టర్లకు ఈ కటింగ్ గొడవే వద్దు. డీజిల్‌లో కంప్రెషన్ మొదటే 16 నుంచి 20 మధ్య ఉంటుంది, పిస్టన్ హెడ్‌కు వెంట్రుక వాసిలో ఆగుతుంది. భీమవరం వైపు హెడ్‌లు లేత్ షాపుకొచ్చేది నీళ్లు అయిపోయి వేడెక్కి వంకర పోయినప్పుడు. అది ఫేసింగ్, వైద్యం.

చట్టం మాటకొస్తే, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సారం. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పోర్టు లోపల అరగదీసింది ఎవరికి కనపడుతుందని అడిగేవాళ్లున్నారు. రోడ్డు మీద కనపడదు. వారంటీ కోసం హెడ్ విప్పిన రోజున కనపడుతుంది.

పవర్ పెంచడం వేరు, పోయిన పవర్ తిరిగి రావడం వేరు

చాలామంది ‘హెడ్ పని’ తర్వాత బండి మారిపోయిందనడానికి అసలు కారణం నాలుగో పని, వాల్వులు నూరడం. మొన్న వేసవిలో నాకు తెలిసిన షెడ్డుకు ఒక కుర్రాడు పాత స్ప్లెండర్ తోసుకుంటూ వచ్చాడు. “బాబాయ్, లాగట్లేదండి. పోర్టింగ్ చేసి పెడతారా?” మెకానిక్ ఏమీ అనకుండా హెడ్ విప్పి, తిరగేసి, ఎగ్జాస్ట్ పోర్టులో కాస్త పెట్రోలు పోశాడు. వాల్వు మూసే ఉంది. అయినా చాంబర్ వైపు వాల్వు అంచు చుట్టూ ముందు చెమ్మ కనపడింది, తర్వాత ఒక బొట్టు కట్టింది, జారింది. “చూశావా, నీ కంప్రెషన్ ఇటే పోతోంది.”

వాల్వు సీటును తాకేది ఒక మిల్లీమీటరు వెడల్పు పట్టీ మీద, 45 డిగ్రీల వాలులో. ఆ పట్టీ మీద మసి గుంటలు పడితే నొక్కిన మిశ్రమం కారిపోతుంది. ఎగ్జాస్ట్ వాల్వు వేడి ఎక్కువగా సీటు గుండానే హెడ్‌లోకి దిగాలి, సందు పడితే అది దిగక వాల్వు అంచు కాలిపోతుంది. మెకానిక్ గ్రైండింగ్ పేస్టు చుక్కలు పెట్టి, రబ్బరు గిన్నె ఉన్న కర్రను రెండు అరచేతుల మధ్య మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ తిప్పాడు. మొదట గరగరమన్న చప్పుడు కాసేపటికి మెత్తబడింది. తుడిచి చూస్తే వాల్వు చుట్టూ తెగకుండా ఒక బూడిదరంగు ఉంగరం. కిరోసిన్‌తో రెండుసార్లు కడిగి, బిగించి, మళ్లీ పెట్రోలు పోశాడు. ఈసారి అంచు పొడిగానే ఉంది.

బండి ఎక్కి కాలవగట్టు చివరిదాకా వెళ్లొచ్చిన కుర్రాడి మొహం వెలిగిపోయింది. పోర్టింగ్ మాట మళ్లీ ఎత్తలేదు. వారం తర్వాత వచ్చి సైలెన్సర్ మార్చమన్నాడు.